నేల మీద నేల వెయ్యకండి

ఈసారి పోట్లాట. నాకు తెలుగులో పోట్లాడటం ఇంకా సరిగ్గా రాదు. కోపం వస్తే నాలుగో వాక్యానికే ఇంగ్లీషులోకి జారిపోతాను. కానీ ఈ కోపం తెలుగు ఇళ్ళ మీద, తెలుగు అంకుల్స్ మీద, అందరికంటే ముందు నా మీద. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

విషయం బాత్రూం. నీళ్ళకి బాత్రూం నేల పాడైతే మన ఇళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒక్కటే. దాని మీద ఇంకో నేల వేసేస్తారు. కొత్త వినైల్, కొత్త రంగు, పైన ఒక మ్యాట్. పైన పటారం, లోన లొటారం. ఈ సామెత మన క్లాసుల్లో అందరం నేర్చుకున్నాం. ఇల్లు చూసుకునేటప్పుడు మాత్రం మర్చిపోతాం. అలా కప్పడం డబ్బు దండగ, ప్రమాదం, కొన్నిసార్లు మోసం కూడా. మోసం అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది న్యూజెర్సీ. ఇల్లు 1983లో కట్టింది. కింద బేస్‌మెంట్ ఉంది. దాని పైన చెక్క దూలాలు, వాటి మీద ఇల్లు. మేము కొని ఆరేళ్ళయింది. కింది అంతస్తు బాత్రూం అమ్మమ్మ వాడేది, ఆవిడ మెట్లెక్కలేదు కాబట్టి. తణుకు నుంచి వచ్చి మా దగ్గర ఆర్నెల్లు ఉంది.

రెండో నెలలో ఒకరోజు పొద్దున్నే అంది, "ఏమే, మీ బాత్రూంలో నేల దిగుతోందే."

నాకు తెలిసిన దిగడం ఒక్కటే. కారు దిగు, బస్సు దిగు, మెట్లు దిగు. మా బాత్రూం గుమ్మం దగ్గర ఒక చిన్న మెట్టు ఉంది. దాని గురించి అంటోంది అనుకున్నాను. "సరే అమ్మమ్మా, మెల్లగా దిగు" అన్నాను. ఆవిడ నా మొహం చూసి ఊరుకుంది. వారం తర్వాత మళ్ళీ అంది, "కాలేస్తే మెత్తగా ఉందే. నానిపోయినట్టుంది." నానడం నాకు తెలుసు. శనగలు నానతాయి, పప్పు నానుతుంది. నేల ఎలా నానుతుంది? నవ్వేశాను.

మూడోసారి చెప్పలేదు. టాయిలెట్ మీంచి లేస్తుంటే అది పక్కకి ఒరిగింది. ఆవిడ టవల్ రాడ్ పట్టుకుంది. రాడ్ ఊడి చేతిలోకి వచ్చింది. మోచెయ్యి గోడకి కొట్టుకుని నల్లగా కమిలిపోయింది. అంతటితో సరిపోయింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. పడుంటే తుంటి విరిగేది.

నేల దిగడం అంటే కాలు పెడితే కిందికి పోవడం. బురదలో కాలు దిగబడింది అంటాం, అదే మాట. ఆ ఒక్క అర్థం నాకు తెలిసి ఉంటే ఆ రోజే టాయిలెట్ ఎత్తి చూసేదాన్ని. "నాకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమే రాదు" అని మనం అందరికీ చెప్పుకుంటాం. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే చెప్పాను. అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను.

ఆ శనివారం ఒకళ్ళింట్లో భోజనానికి వెళ్ళాం. నేను ఈ సంగతి చెప్పగానే సలహాలు మొదలయ్యాయి. "వినైల్ ప్లాంక్ వేసెయ్యమ్మా, ఒక్క వీకెండ్ పని." "పైన పావంగుళం ప్లైవుడ్ కొట్టి దాని మీద షీటు వెయ్యండి, గట్టిగా ఉంటుంది." "ఎలాగూ మూడేళ్ళలో అమ్మేస్తారు కదా, అంత ఆలోచన ఎందుకు?" ఇవన్నీ బాగా చదువుకున్నవాళ్ళు చెప్పినవి. ఆఫీసులో ఒక చిన్న బగ్ వస్తే మూలం దాకా తవ్వుతారు. ఇంట్లో మాత్రం దుప్పటి కప్పేద్దాం అంటారు. సోమవారం చూడటానికి వచ్చిన పనాయన కూడా అదే అన్నాడు. 1,100 డాలర్లు అడిగాడు. బేస్‌మెంట్‌లోకి దిగి పైకి చూడనైనా చూడలేదు.

ఒక్క మనిషి వేరేగా మాట్లాడాడు. మా మావయ్య. తణుకులో ఇళ్ళు కట్టిస్తాడు. వీడియో కాల్‌లో చూపించాను. "ఏంటీ, చెక్క మీద మరుగుదొడ్డా?" అని చాలాసేపు నవ్వాడు. తర్వాత అన్నాడు, "మీ చెక్క ఇళ్ళ సంగతి నాకు తెలీదు. నీళ్ళ సంగతి తెలుసు. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలిసేదాకా నేల ముట్టుకోకు."

మావయ్య నవ్వడంలో అర్థముంది. తణుకులో అమ్మమ్మ బాత్రూం నేల అంటే కింద కాంక్రీటు, దాని మీద నాపరాయి లేదా టైలు. నేల అంతా ఒక మూలకి వాలి ఉంటుంది. ఆ వాలుని మేస్త్రీలు వాటం అంటారు. ఈ మాట నాకు చాలా నచ్చింది. వాటం చివర జాలీ ఉంటుంది. బకెట్టెడు నీళ్ళు కుమ్మరించినా రెండు నిమిషాల్లో వెళ్ళిపోతాయి. అక్కడ నేల ఉన్నదే తడవడానికి. ఇక్కడ మన బాత్రూంకి వాటం లేదు, జాలీ లేదు. నీళ్ళు టబ్బులో ఉండాలి, లేదా సింకులో, లేదా టాయిలెట్‌లో. నేల మీదికి వచ్చిన చెంబెడు నీళ్ళు కూడా కిందికి పోవాలంటే చెక్కలోకే పోవాలి.

టెక్సాస్ వాళ్ళు "మాకిది లేదు" అనవచ్చు. నిజమే. అక్కడ చాలా ఇళ్ళకి కింది అంతస్తు కాంక్రీటు పలక మీద ఉంటుంది. కానీ మేడ మీద బాత్రూం ఉంటే అది చెక్క మీదే ఉంది. ఆ నీళ్ళు మీ హాలు సీలింగ్‌కి గోధుమరంగు మచ్చ వేశాకే మీకు తెలుస్తుంది.

సరే, తెరిచాం. నేనూ మా ఆయనా. వాల్వ్ మూసి, ఫ్లష్ చేసి, మిగిలిన నీళ్ళు స్పాంజితో తీసి, రెండు నట్లు విప్పి, టాయిలెట్ ఎత్తి హాల్లో పాత దుప్పటి మీద పెట్టాం. గొట్టంలోంచి వాయువు రాకుండా నోట్లో పాత గుడ్డ కుక్కాం. వాసన వచ్చింది. కంపు కాదు. పాత బియ్యం డబ్బా అడుగున వస్తుందే, ముక్కవాసన, అది.

తర్వాత పొరలు. ఇక్కడ ఒక్క మాట. 1980ల ముందు, ఆ చుట్టుపక్కల కట్టిన ఇల్లయితే పాత వినైల్‌ని, కింద నల్ల జిగురుని పరీక్ష చేయించకుండా పీకకండి, గీకకండి. వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. చిన్న ముక్క తడిపి కోసి ల్యాబ్‌కి పంపాం. లేదని వచ్చాకే మొదలుపెట్టాం. ఉంటే ఇది మన పని కాదు. దానికి లైసెన్సు ఉన్నవాళ్ళు రావాలి.

పైన వినైల్ షీటు. దాని కింద జిగురు. దాని కింద ఇంకో వినైల్, పచ్చరంగు పువ్వులది. అంటే మాకు ముందు ఉన్నవాళ్ళు కూడా నేల మీద నేల వేశారు! వాళ్ళ అంకుల్స్ కూడా వాళ్ళకి అదే చెప్పి ఉంటారు. పచ్చ పువ్వుల కింద పార్టికల్ బోర్డు. చెక్కపొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక అది. ఆ కాలం ఇళ్ళలో వినైల్ కింద సమంగా ఉండాలని వేసేవాళ్ళు. నీళ్ళు తగిలితే అది అటుకులు నానినట్టు ఉబ్బుతుంది. చేత్తో తీస్తే ముద్దలుగా వచ్చింది. అమ్మమ్మ సరైన మాటే వాడింది. నానిపోయింది.

పార్టికల్ బోర్డు కింద ముప్పావు అంగుళం ప్లైవుడ్. అది దూలాల మీద ఉంటుంది. దూలాన్ని ఇక్కడ జాయిస్ట్ అంటారు. మా ఇంట్లో దూలానికీ దూలానికీ మధ్య 16 అంగుళాలు. అమెరికాలో చాలా ఇళ్ళకి ఇదే కొలత. ప్లైవుడ్ టాయిలెట్ చుట్టూ నల్లబడింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఇడ్లీలో చెంచా దిగినట్టు దిగింది.

ఇప్పుడు నా అసలు వాదన. చాలా చిన్న విషయం, కానీ ఆ భోజనాల దగ్గర ఒక్కళ్ళకీ తెలీదు. టాయిలెట్ కింద మురుగు గొట్టానికి పైన ఒక గుండ్రని చట్రం ఉంటుంది. దాన్ని ఫ్లాంజ్ అంటారు. టాయిలెట్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య మైనం రింగు ఉంటుంది. నిజంగా మైనమే. ఆ మైనం రెంటి మధ్యా నలిగి సందు మూస్తుంది. అది సరిగ్గా నలగాలంటే ఫ్లాంజ్ పూర్తయిన నేల మీద కూర్చోవాలి. మీరు నేల మీద ఇంకో నేల వేశారు. టాయిలెట్ అరంగుళం పైకి లేచింది. ఫ్లాంజ్ ఉన్నచోటే ఉంది. ఇప్పుడు మైనం అందదు. అందినా సరిగ్గా నలగదు. ఫ్లష్ చేసిన ప్రతిసారీ రెండు చుక్కలు పక్కకి పోతాయి. రోజుకి పదిహేను ఫ్లష్‌లు. పైన మెరిసే వినైల్ ఉంది కాబట్టి ఆ నీళ్ళు పైకి కనబడవు, పైకి ఆరవు. గిన్నె మీద మూత పెట్టినట్టు. కింద చెక్క నానుతూ ఉంటుంది. నేల మెత్తబడితే టాయిలెట్ ఊగుతుంది. ఊగితే ఉన్న మైనం కూడా చెదురుతుంది.

అంటే కప్పడం వల్ల పాత లీకు దాగడం ఒక్కటే కాదు, కొత్త లీకు పుడుతుంది. మా ఇంట్లో జరిగింది అదే. పాత యజమాని వేసిన ఆ రెండో నేలే మా అమ్మమ్మ మోచెయ్యి కమలడానికి కారణం. మేము దాని మీద మూడోది వెయ్యబోయాం.

"కొంచెం కుళ్ళితే ఏం, పైన గట్టి ప్లైవుడ్ ఉంది కదా" అని ఒక అంకుల్ నాకు మళ్ళీ ఫోన్ చేశారు. కుళ్ళడం అంటే ఏమిటో అప్పటికి నేను చదివాను. చెక్క దానంతట అది పాతబడి కుళ్ళదు. ఒక రకం బూజు దాన్ని తింటుంది. పుస్తకాల్లో శిలీంధ్రం అంటారు. అమ్మమ్మ బూజు అంటుంది, నేనూ అదే అంటాను. విస్కాన్సిన్‌లో మాడిసన్ అనే ఊళ్ళో ప్రభుత్వానికి ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ అని ఒక సంస్థ ఉంది. 1910 నుంచి ఉంది. చెక్క గురించి ఎవరికి సందేహం వచ్చినా వాళ్ళ వుడ్ హ్యాండ్‌బుక్ తీస్తారు. చెక్కలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉంటే బూజు దాన్ని తినలేదు. సుమారు 30 శాతం దాటితే దానికి పండగ. ఇంగ్లీషులో డ్రై రాట్ అని ఒక మాట ఉంది. ఎండు కుళ్ళు అన్నమాట. ఆ పేరు తప్పు. ఎండిన చెక్క కుళ్ళదు. కాబట్టి మీరు పైన ఎంత గట్టి ప్లైవుడ్ కొట్టినా, కింద తేమ ఉన్నంతకాలం బూజుకి మీరు రెండో పళ్ళెం వడ్డించినట్టే.

ఇరవై ముప్పై డాలర్లకి తేమ కొలిచే మీటరు దొరుకుతుంది. రెండు సూదులు చెక్కలో గుచ్చితే అంకె చూపిస్తుంది. మా దూలం మీద మొదటిరోజు 34 చూపించింది. ఫ్యాను పెట్టాం, బేస్‌మెంట్‌లో డీహ్యుమిడిఫైయర్ పెట్టాం. తొమ్మిది రోజులకి 14కి వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ అందరం మేడ మీద బాత్రూం వాడాం. అమ్మమ్మని మా ఆయన రోజూ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. తొందరపడి ఉంటే 34 మీదే కొత్త నేల వేసేవాళ్ళం.

తెలుగులో తడి వేరు, చెమ్మ వేరు, తేమ వేరు. తడి చేతికి తగులుతుంది. చెమ్మ గోడలోంచి, నేలలోంచి ఊరుతుంది. తేమ కంటికి కనబడదు. మూడు మాటలూ ఉన్న భాష మనది. అయినా "తడి లేదు కదా" అని తుడిచేసి వెళ్ళిపోతాం.

ఇంకో వాదన విన్నాను, దీనికి నాకు ఎక్కువ కోపం వచ్చింది. "పెద్దవాళ్ళు వస్తే అంతే. చెంబులు, బకెట్లు, స్ప్రేయర్లు. వాళ్ళ వల్లే బాత్రూంలు పాడవుతాయి." ఈ మాట మనలాంటి ఇక్కడ పుట్టినవాళ్ళే ఎక్కువ అంటారు. ఆపండి. స్ప్రేయర్ మంచి వస్తువు. నేనూ వాడతాను, సిగ్గుపడను. తప్పు స్ప్రేయర్‌ది కాదు, దాన్ని పెట్టిన మనిషిది. టాయిలెట్ నీళ్ళ గొట్టానికి టీ ఆకారంలో ఒక వాల్వ్ పెట్టి దాని నుంచి స్ప్రేయర్ తీస్తాం. వాడాక ఆ వాల్వ్ మూయాలి. మూయకపోతే స్ప్రేయర్ గొట్టంలో రాత్రీ పగలూ నీళ్ళ ఒత్తిడి ఉంటుంది. చవకరకం గొట్టం అయితే కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. మా ఇంట్లో టీ దగ్గర వాషరు సరిగ్గా కూర్చోలేదు. చుక్క చుక్క గోడ వెంట దిగి వినైల్ అంచు కిందికి పోతోంది. అది బిగించింది అమ్మమ్మ కాదు. నేను. వీడియో చూసి, పదిహేను నిమిషాల్లో, చాలా గర్వంగా.

అమ్మ వాదన వేరు. ఆవిడ ఒహాయో నుంచి రోజూ ఫోన్ చేసింది. "నీకెందుకే ఆ పని? ఇంత చదువు చదివి టాయిలెట్ ఎత్తుతావా? మనిషిని పిలు." అమ్మ మీద నాకు ప్రేమే. కానీ ఈ మాటని వదలను. పనిమనిషిని పిలవడం తప్పు కాదు. "మనం ముట్టుకునే పని కాదు" అనుకోవడం తప్పు. మరుగుదొడ్డి ఎవరు ముట్టుకోవాలో మన దేశంలో కులం చెప్పింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించడానికి భారతదేశంలో 1993లో ఒక చట్టం, చాలక 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. దాని మీద జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ తెలుగు కుటుంబం నుంచి వచ్చినవాడు, కర్ణాటకలో కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఆ పనే చేసేవాళ్ళు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. నా తెలుగు క్లాసులో ఆయన పేరు ఎప్పుడూ వినలేదు. నేను మా ఇంట్లో, శుభ్రంగా కడిగిన పింగాణీ టాయిలెట్‌ని, చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒక్కసారి ఎత్తాను. అది త్యాగం కాదు, గొప్ప కూడా కాదు. కానీ ఆ చిన్న పని కూడా చెయ్యకూడదు అనే ఇంట్లో ఏం జరుగుతుంది? టాయిలెట్ ఎవరూ ఎత్తరు. ఎత్తకుండా చేసే మరమ్మతు ఏమిటి? చుట్టూ కోసి పైన కప్పడం. అక్కడికే వస్తాం.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. మా మొత్తం సామాను, టైలు కాకుండా, 400 డాలర్ల లోపు. మైనం రింగు పది డాలర్లు కూడా లేదు. ఇన్స్యూరెన్స్ ఇస్తుంది అనుకోకండి. సాధారణంగా గొట్టం ఠక్కున పగిలితే ఇస్తారు, నెలల తరబడి మెల్లగా కారితే ఇవ్వరు. అంటే మీరు కప్పి ఉంచిన ప్రతి నెలా మీకు వ్యతిరేకంగా సాక్ష్యం పెరుగుతుంది.

మరమ్మతు కూడా ఆకాశంలో ఉన్న విద్య కాదు. రంపం లోతు సరిగ్గా ప్లైవుడ్ మందానికి పెట్టాలి, లేకపోతే కింద దూలం తెగుతుంది, గొట్టం తెగుతుంది. నల్లగా ఉన్నంతవరకే కోస్తే చాలదు. పొడిచి చూస్తూ పోవాలి. స్క్రూడ్రైవర్ దిగనని మొండికేసే చోటు దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఇంకొంచెం వెళ్ళి, దూలం మధ్యగీత మీద ఆగాలి. కొత్త ముక్క అంచుకి కూర్చోవడానికి చోటు కావాలి కదా. దూలం లేనిచోట అడ్డంగా చిన్న కొయ్య దింపాలి. మా ఒక దూలం పైభాగం అరంగుళం మెత్తబడింది. మెత్తనిది చెక్కేసి, దాని పక్కన అదే ఎత్తు కొత్త దూలం ఆనించి బోల్టులు వేశాం. ఇంగ్లీషులో దీన్ని సిస్టరింగ్ అంటారు. తోబుట్టువుని తోడు పెట్టినట్టు. "జోడీ దూలం అను" అన్నాడు మావయ్య. కొత్త ప్లైవుడ్‌కి జిగురు, స్క్రూలు. ముక్కకీ ముక్కకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం ఖాళీ, ఎందుకంటే చెక్క ఊపిరి పీలుస్తుంది. మట్టం చూడటానికి పెట్టే నీటిబుడగ పరికరాన్ని తెలుగులో రసమట్టం అంటారని ఆ రోజే నేర్చుకున్నాను. ఎంత అందమైన మాట! దాని మీద సిమెంటు బోర్డు, నీళ్ళు దిగని పొర, టైలు. టైలు, గ్రౌటు నీళ్ళు ఆపుతాయని అందరూ అనుకుంటారు. ఆపవు. ఆపేది ఆ పొరే. ఫ్లాంజ్ ఈసారి టైలు మీద కూర్చుంది. గట్టిగా, నేలకి స్క్రూలతో.

టాయిలెట్ చుట్టూ తెల్ల సీలెంట్ పూసేటప్పుడు ముందువైపూ పక్కలా పూశాం, వెనక రెండు అంగుళాలు వదిలేశాం. చాలామంది ప్లంబర్లు అలాగే చేస్తారు. లీకైతే అక్కణ్ణించి నీళ్ళు బయటికి వస్తాయి, మనకి కనబడతాయి. మా అంకుల్ "అది కనబడితే బాగుండదు కదా" అన్నారు. కనబడాలనే కదా అంకుల్.

ఎప్పుడూ మీరే చెయ్యండి అనడం లేదు. బూజు పది చదరపు అడుగుల కంటే తక్కువ ఉంటే మామూలుగా మనమే చూసుకోవచ్చని ఈపీఏ చెప్తుంది. అంతకంటే ఎక్కువైనా, మురుగునీరు పొంగినా, రెండు మూడు దూలాలు పోయినా, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు ఉన్నా, తెలిసినవాళ్ళని పిలవండి. బ్లీచు పోసేసి అయిపోయింది అనుకోకండి. దాన్ని మామూలు పద్ధతిగా ఈపీఏ కూడా చెప్పదు. దూలాల పనికి మీ ఊళ్ళో పర్మిట్ కావాలేమో ఫోన్ చేసి కనుక్కోండి. పాత నేల పొడిగా, గట్టిగా ఉండి కేవలం రంగు నచ్చకపోతే, పైన వినైల్ వేసుకోండి, ఫ్లాంజ్ ఎత్తు మాత్రం సరిచెయ్యండి. నాకు దాని మీద కోపం లేదు. పిలిచిన మనిషిని ఒక్కటి అడగండి. "టాయిలెట్ ఎత్తి చూస్తారా?" ఎత్తను అంటే టీ ఇచ్చి పంపించెయ్యండి.

ఇప్పుడు మోసం సంగతి. "ఎలాగూ అమ్మేస్తారు కదా" అన్నారు చూడండి. ఎవరికి అమ్ముతాం? మా వీధిలో గత కొన్నేళ్ళలో అమ్ముడైన ఇళ్ళలో నాలుగు తెలుగువాళ్ళే కొన్నారు. రేపు మా ఇల్లు కొనేది కూడా బహుశా ఒక చిన్న కుటుంబం. కొన్న ఏడాదికి వాళ్ళ అమ్మమ్మో నాయనమ్మో వస్తుంది. మెట్లెక్కలేదు కాబట్టి కింది బాత్రూం ఆవిడకే ఇస్తారు. తెలిసిన లోపాన్ని కొనేవాళ్ళకి చెప్పాలని చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది. చట్టం లేకపోయినా, నాకు తెలిసి, ఆవిడ కాలి కింద ఆ కుళ్ళు పెట్టి, దాని మీద మెరిసే వినైల్ వేసి, గృహప్రవేశానికి స్వీట్ల డబ్బా పట్టుకెళ్ళడాన్ని మోసం అనకుండా ఏమనాలి? పచ్చ పువ్వుల మీద షీటు వేసిన పాత యజమాని మాకు చేసింది కూడా అదే. బహుశా వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

అమ్మమ్మ టైల్స్ ఆరక ముందే తిరిగి వెళ్ళిపోయింది. ఆర్నెల్లు అయిపోయాయి. పని పూర్తయిన రోజు వీడియోలో చూపించాను. టైలు రంగు గురించి ఏమీ అనలేదు.

"ఇప్పుడు దిగుతోందా?" అంది.

"లేదు అమ్మమ్మా, దిగట్లేదు."

"గెంతి చూడు."

గెంతాను. కింద బేస్‌మెంట్‌లో సామాను సర్దుతున్న మా ఆయన "ఏమైంది!" అని అరిచాడు. అమ్మమ్మ ఫోన్‌లో నవ్వుతూనే ఉంది. "ఇంకోసారి గెంతు" అంది.